జరగని పోరుకు పదిహేను రౌండ్లు

కార్లోస్ మోంజోన్ 1995లో కారు ప్రమాదంలో పోయాడు. మార్విన్ హ్యాగ్లర్ 2021 మార్చిలో కన్నుమూశాడు. బతికుండగా ఈ బాక్సర్లిద్దరూ బరిలో ఒకరికొకరు ఎదురుపడనే లేదు. అయినా మాదాపూర్‌లో, మైండ్‌స్పేస్ జంక్షన్‌కి కూతవేటు దూరంలో, మా ఆఫీసు కాఫెటేరియాలో మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి రోజూ కొట్టుకుంటారు. మేం పెరుగన్నంలోకి వచ్చేసరికి ఎవరో ఒకరు కిందపడి ఉంటారు. ఎవరన్నది ఆ పూట బల్ల దగ్గర ఎవరి గొంతు పెద్దదో దాన్నిబట్టి తేలుతుంది.

మా ఆర్కిటెక్ట్ గారిది మోంజోన్ పక్షం. పొడవు చేతుల అర్జెంటీనా వాడు. 1970లో మిడిల్ వెయిట్ చాంపియన్ అయి, పద్నాలుగుసార్లు టైటిల్ నిలబెట్టుకుని, 1977లో బెల్టు నడుముకుండగానే తప్పుకున్నాడు. "మర్యాదగా రిటైరయ్యాడయ్యా" అంటారు. ఆ ఒక్క మాట నాకు మింగుడుపడదు. భార్యను చంపిన నేరానికి జైలుకెళ్లి, సెలవు మీద బయటికొచ్చినప్పుడు రోడ్డు మీద పోయిన మనిషి గురించి మర్యాదేమిటి? పిడికిలిని మెచ్చుకుందాం, అక్కడితో ఆగుదాం.

టెస్టింగ్ లీడ్ అన్నది హ్యాగ్లర్ పక్షం. గుండు, ఎడమచేతివాటం, మహా రోషం. టీవీ వ్యాఖ్యాతలు తనను 'మార్వెలస్' అని పిలవడం లేదని 1982లో చట్టప్రకారం పేరే 'మార్వెలస్ మార్విన్ హ్యాగ్లర్' అని మార్పించుకున్నాడు. "అప్రైజల్లో రేటింగ్ ఇవ్వకపోతే ఆధార్‌లో ఎక్కించుకున్నాడు" అని అన్న మురిసిపోతాడు. అన్న అసలు గాయం 1987 ఏప్రిల్ 6, లాస్ వేగాస్. దాదాపు మూడేళ్లు బరి మొహం చూడని షుగర్ రే లెనర్డ్ వచ్చి, రౌండంతా తప్పించుకు తిరిగి, ఆఖరి అరనిమిషంలో టపటపా గుద్దులు కురిపించి జడ్జీల కళ్లలో పడ్డాడు. ఒక జడ్జి 115-113తో హ్యాగ్లర్‌కి ఇస్తే, ఇంకొకరు అదే అంకె లెనర్డ్‌కి ఇచ్చారు. మూడో ఆయన 118-110 అని లెనర్డ్‌కి రాసిపారేశాడు. హ్యాగ్లర్ మళ్లీ బరిలోకి దిగలేదు. ఇటలీ వెళ్లి సినిమాల్లో వేషాలు వేసుకున్నాడు.

"ఏడాదంతా కోడ్ రాసినోడికి కాదు, మార్చి నెలలో మెయిళ్లు పెట్టినోడికే హైక్" అంటాడు అన్న. ఆ మాటకి బల్ల మొత్తం తలూపుతుంది, ఆర్కిటెక్ట్ గారితో సహా. మేనేజర్ గారు మాత్రం అప్పుడే ఫోన్ చూసుకుంటారు.

ఇక బెంచ్ మీదున్న పెద్దాయన. ప్రాజెక్టు లేదు కాబట్టి చదువుకోవడానికి తీరికుంది, అందుకే ఆయన మనిషి మరీ పాతవాడు, హ్యారీ గ్రెబ్. దాదాపు మూడువందల పోరాటాలు, అందులో చివరి ఏళ్లవి ఒక కంటి చూపుతో. 1922లో జీన్ టన్నీని ఓడించాడు. టన్నీకి మొత్తం జీవితంలో ఉన్న ఓటమి అదొక్కటే. చిక్కేమిటంటే గ్రెబ్ పోరాడిన ఫిల్మ్ ఒక్కటీ మిగల్లేదు. అంతా పత్రికల్లో చదువుకోవాల్సిందే. "చూడందే ఎలా నమ్మేది సార్?" అంటే, "మన పేరోల్ సాఫ్ట్‌వేర్ రాసినాయన్ని నువ్వెప్పుడైనా చూశావా? ఒకటో తారీఖు జీతం పడుతోందా, లేదా?" అంటారు. దీనికి ఇంతవరకూ ఎవరి దగ్గరా జవాబు లేదు.

కొత్తగా చేరిన కుర్రాడు ఇదంతా విని, "టైసన్ని దింపితే అయిపోద్ది కదన్నా" అన్నాడు. వాడికి బాక్సింగ్ అంటే 'లైగర్'లో కనిపించిన మైక్ టైసన్. టైసన్ హెవీ వెయిట్ నాయనా, మిడిల్ వెయిట్ అంటే 160 పౌండ్లు, మన లెక్కలో డెబ్బై రెండున్నర కిలోలు, అంతకు మించకూడదు అని చెప్పాం. చెప్పాక ఎవరి డబ్బా వైపు వాళ్లు చూసుకున్నాం. ఆ బల్ల దగ్గర ఆ బరువుకు లోబడినవాడు వాడొక్కడే. ఉద్యోగంలో చేరినప్పుడు అందరం అంతే. హెచ్చార్‌కి చెప్పకుండా ఏడాదికో ప్రమోషన్ ఇచ్చేది బిర్యానీ ఒక్కటే.

"మనం సాఫ్ట్‌వేర్ వాళ్లమే కదా, పైథాన్‌లో రాసి తేల్చేద్దాం" అన్నాడు కుర్రాడు మర్నాడు. పాపం, ఆ పని తన పుట్టుకకు ముందే అయిపోయిందని వాడికి తెలీదు. ముర్రే వొరోనర్ అనే అమెరికన్ రేడియో నిర్మాత 1967లో గతకాలపు హెవీ వెయిట్ల లెక్కలన్నీ కంప్యూటర్‌కి మేపి, ఊహా టోర్నమెంట్ నడిపాడు. అందులో మహమ్మద్ అలీ ఓడిపోయాడు. ఓడించింది ఆ శతాబ్దం మొదట్లో ఏలిన జిమ్ జెఫ్రీస్. కడుపు మండి అలీ పది లక్షల డాలర్లకు దావా వేశాడు. రాజీ ఎలా కుదిరిందంటే, అలీని, ఎప్పుడో రిటైరైన రాకీ మార్సియానోని స్టూడియోలో నిజంగానే నిలబెట్టి రకరకాల ముగింపులు తీశారు. మార్సియానో బరువు తగ్గించుకుని, నెత్తిన విగ్గు పెట్టుకుని మరీ వచ్చాడు. 1970 జనవరి 20న సినిమాహాళ్లలో వేశారు. అమెరికా ప్రేక్షకులకి పదమూడో రౌండ్లో మార్సియానో నాకౌట్‌తో గెలిచాడు. యూరప్‌కి పంపిన ముగింపులో అలీ గెలిచాడు. ఫలితం చూసుకోవడానికి మార్సియానో లేడు. అంతకు కొన్ని నెలల ముందే విమాన ప్రమాదంలో పోయాడు.

ఇది విని టెస్టింగ్ అన్న లేచి నిలబడ్డాడు. ఒకే ఇన్‌పుట్, ఒకే మెషీను, అమెరికా క్లయింట్‌కి ఒక అవుట్‌పుట్, యూరప్ క్లయింట్‌కి ఇంకొకటి! "ఇది బగ్గు కాదురా, మన ఇండస్ట్రీకి శంకుస్థాపన" అన్నాడు.

నన్నడిగితే ఇలాంటి పోరాటాలు మనకు కొత్త కాదు. వ్యాసుడు పెట్టని మ్యాచ్‌లన్నీ తెలుగు నాటకం పెట్టింది. చిలకమర్తి వారి 'గయోపాఖ్యానం'లో కృష్ణుడికీ అర్జునుడికీ యుద్ధం. కారణమేమిటి? ఆకాశంలో పోతున్న గయుడి ఉమ్మి కృష్ణుడి దోసిట్లో పడింది. ("మెట్రో పిల్లర్ల కింద రోజూ అయ్యేదే కదన్నా" అన్నాడు కుర్రాడు.) 1963లో అదే కథను కె.వి.రెడ్డి 'శ్రీకృష్ణార్జున యుద్ధము' అని తీశారు. కృష్ణుడు ఎన్టీఆర్, అర్జునుడు ఏఎన్నార్. ఎవరు ఓడినా హాల్లో కుర్చీలు మిగలవు. అందుకే దేవతలు మధ్యలోకి రావాల్సి వచ్చింది. రాముడికీ ఆంజనేయుడికీ పెట్టినప్పుడూ అంతే. మన సంప్రదాయంలో ఊహా పోరు తేలకూడదు. వొరోనర్‌కి ఈ సంగతి చెప్పే తెలుగువాడు దొరక్కపోయాడు.

నిజంగా తేల్చినా వాదన ఆగుతుందా అంటే, అదీ లేదు. 2019లో మేరీ కోమ్‌ని ట్రయల్ లేకుండా ఒలింపిక్ క్వాలిఫయర్‌కి పంపుదామని సమాఖ్య అనుకుంటే, నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ కేంద్ర క్రీడామంత్రికి ఉత్తరం రాసి, నాకో అవకాశం ఇవ్వండని నిలదీసింది. డిసెంబర్ 28న ఢిల్లీలో పోరు జరిగింది. 9-1తో మేరీ గెలిచింది, చెయ్యి కూడా కలపలేదు. ఇక మాట్లాడేదేముంది? చాలా ఉంది. 2022లో ఇస్తాంబుల్‌లో నిఖత్ ప్రపంచ చాంపియన్ అయింది, 2023లో ఢిల్లీలో మళ్లీ అయింది. అప్పట్నుంచి మా డేటాబేస్ టీమ్‌లోని నిజామాబాద్ భాయ్‌ని పట్టలేం. "2019ల నిఖత్ ఇంక పిల్ల. ఇస్తాంబుల్ గెలిచిన నిఖత్‌ను దింపుండ్రి, అప్పుడు జూద్దాం" అంటాడు. డెలివరీ మేడమ్ ఊరుకుంటారా? "ముగ్గురు పిల్లల్ని కన్నాక 2018లో ఆరోసారి ప్రపంచ చాంపియన్ అయిన మనిషమ్మా ఆవిడ. నువ్వు ఒక్క పిల్లాడికే రెండు స్టాండప్ మీటింగులు ఎగ్గొట్టావు" అంటారు. బరువుల తేడా ఎత్తితే ఇద్దరూ కలిసి మన మీద పడతారు.

ఈలోగా కుర్రాడు మాదాపూర్‌లో ఏదో బాక్సింగ్ క్లాసులో చేరాడు. మర్నాడు కాఫీ కప్పు రెండు చేతులతో పట్టుకుని తాగాడు. మూడు నిమిషాలు గడ్డం దగ్గర చేతులు దించకుండా నిలబడటం ఎంత పనో చెబుతుంటే ఆర్కిటెక్ట్ గారు, అన్న, బెంచ్ పెద్దాయన నోరు తెరుచుకుని విన్నారు. బల్ల దగ్గర గ్లోవ్స్ తొడిగినవాడు వాడొక్కడే కాబట్టి వాడి ఓటుకి విలువ పెరిగిపోయింది. నిజామాబాద్ భాయ్ ఉస్మానియా బిస్కెట్లు తెస్తున్నాడు. మేడమ్ సమోసాలు తెప్పిస్తున్నారు. వాడు రెండూ తింటాడు. తీర్పేమిట్రా అంటే, "ఇంకా అనాలిసిస్‌లో ఉంది మేడమ్" అంటాడు. ఇలాగే సాగితే దసరా లోపల వాడూ మిడిల్ వెయిట్ దాటేస్తాడు.