రాహుకాలం మావయ్య

మా చుట్టాల్లో పంచాంగం మీద పూర్తి పట్టున్న మనిషి ఒక్కడే, మా మావయ్య. ఆయన పచ్చి నాస్తికుడు. ఎవరింట్లో శుభకార్యం తలపెట్టినా ముందు ఆయనకే ఫోను. "మావయ్యా, శుక్రవారం రాహుకాలం ఎప్పుడు?" "పదిన్నర నుంచి పన్నెండు. అప్పుడే చెయ్యండి, భోజనాలకి సరిగ్గా సరిపోతుంది" అంటాడు. వాళ్లు మొదటి ముక్క రాసుకుని ఫోను పెట్టేస్తారు.

వారం మొత్తం రాహుకాలాలు ఆయనకి నోటికొచ్చు. వర్జ్యం మాత్రం ఏరోజుకారోజు మారుతుంది కాబట్టి వెంకట్రామా క్యాలెండర్ లేనిదే గడవదు. పొద్దున్నే కాఫీ గ్లాసుతో దాని ముందు నిలబడి, కళ్లజోడు నుదుటి మీదికి తోసి, ఆ చీమతలకాయంత అక్షరాలు చదివి, వర్జ్యం మొదలయ్యాకే చెప్పులేసుకుంటాడు. ఒకరోజు క్యాలెండర్ కనపడక బ్యాంకు పని వాయిదా వేసుకున్నాడు. పొరపాటున మంచి ఘడియలో బయల్దేరిపోతానేమోనని భయం.

గడప దాటేముందు ఎవరైనా తుమ్మితే ప్రాణం లేచొస్తుంది. ఎవరూ తుమ్మకపోతే తనే ఓ పట్టు పొడుం పీల్చి ఆ లోటు తీర్చుకుంటాడు. మంగళవారం క్షవరం చేయించుకోవాలని ముప్ఫై ఏళ్లుగా పట్టుదల. సెలూన్లకి సెలవు మంగళవారమే. "మూఢనమ్మకానికి సెలవు కూడా ఇచ్చేశార్రా!" అని బుధవారం తల అప్పగించి వాపోతాడు.

ఈ పిచ్చి ఆయనకి చదువుకునే రోజుల్లో, బెజవాడ పటమటలో పట్టింది. అక్కడ గోరా గారి నాస్తిక కేంద్రం ఉంది. 1940లో ముదునూరులో పెట్టి, 1947లో బెజవాడకి తెచ్చారు. ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో పుట్టిన కొడుక్కి లవణం, యుద్ధం ముంచుకొచ్చినప్పుడు పుట్టినవాడికి సమరం అని పేర్లు పెట్టిన మనిషి గోరా. ఆ ఊపులో మావయ్య తన కూతురికి 'ప్రశ్న' అని పెట్టబోయాడు. మా అమ్మమ్మ అన్నం మానేసింది. మూడోపూటకి రాజీ కుదిరింది. స్కూలు రికార్డులో ఆ పిల్ల పేరు వెంకట ప్రశ్న.

నాస్తిక కేంద్రం వాళ్లు నిప్పుల మీద నడిచి, ఇందులో మహిమేం లేదని జనానికి చూపించేవాళ్లు. మావయ్య మా ఊళ్లోనూ గుండం వేయించాడు. బొగ్గు వేడిని త్వరగా చేరవెయ్యదు, ఆగకుండా నడిస్తే కాలదు అని మైకులో చెప్పి మరీ నడిచాడు. ఒక్క బొబ్బ రాలేదు. ఇవతలకి వచ్చేసరికి పదిమంది ముసలమ్మలు కాళ్ల మీద పడ్డారు. ఒకావిడ పాదాలకి పసుపు రాసింది. ఆ ఏడాదంతా వీధిలో ఏ పిల్లాడికి జ్వరమొచ్చినా మావయ్య చేతి మంచినీళ్లే మందు.

1980 ఫిబ్రవరి 16న సూర్యగ్రహణం పట్టినప్పుడు, నడిబజార్లో కుర్చీ వేసుకుని అందరూ చూస్తుండగా పులిహోర తింటానని ప్రకటించాడు. తిన్నాడు కూడా. ఊరంతా తలుపులు బిడాయించుకుని ఇళ్లలో ఉంది. చూసిందల్లా ఒక కుక్క, సగం పులిహోర దానికే పోయింది.

ఈయనతో వేగడం కష్టమే. తిరపతి వెళ్లొచ్చి ప్రసాదం చేతిలో పెడితే, రైలు చార్జీలు లెక్కగట్టి, ఆ డబ్బుతో ఎన్ని పుస్తకాలొచ్చేవో చెప్పాక గానీ నోట్లో వేసుకోడు.

కానీ వెంకట ప్రశ్న పెళ్లిలో ఆయన మీద నాకు ముద్దొచ్చింది. త్రిపురనేని రామస్వామి చౌదరి గారి 'వివాహవిధి' ప్రకారం తెలుగు మంత్రాలతో చేద్దామన్నాడు. వియ్యాలవారు శాస్త్రోక్తంగా కావాలన్నారు. అత్తయ్య వాళ్లవైపు చేరింది. సరే, మొహం గంటుపెట్టుకుని పీటల మీద కూర్చున్నాడు. వీడియోవాళ్లు పురోహితుణ్ణి తొందరపెడుతున్నారు. చుట్టూ మూడొందల మంది, మంత్రం వినేవాడు ఒక్కడు లేడు. ఉన్నట్టుండి మావయ్య చెయ్యెత్తాడు.

"ఆగండి. మహాసంకల్పంలో ఒక వాక్యం మింగేశారు."

తిట్టడానికని ఈయన మంత్రాలన్నీ ఎప్పుడో బట్టీ పట్టాడు. పురోహితుడు పుస్తకం తిప్పి చూశాడు. నిజమే. "నాకు నమ్మకం లేదు, ఒప్పుకుంటాను. మీరు పని ఎగ్గొడితే మాత్రం ఒప్పుకోను. మళ్లీ మొదట్నుంచి చదవండి" అన్నాడు. ముహూర్తం దాటిపోతోందని అత్తయ్య కళ్లురుముతోంది. పురోహితుడికి మాత్రం కళ్లు చెమర్చాయి. ఇన్నేళ్ల పౌరోహిత్యంలో తన మంత్రం చెవిన వేసుకున్న మొదటి మనిషి ఈయనేనట. ఇప్పుడు సాయంత్రాలు ఇద్దరూ అరుగు మీద కూర్చుని దేవుణ్ణి చెరోపక్క పట్టుకు లాగుతుంటారు.

ఇంతా చెప్పి నా సంగతి చెప్పకపోతే అన్యాయం. నలుగురిలో నేనూ హేతువాదినే. 1995 సెప్టెంబరు 21న వినాయకుడు పాలు తాగుతున్నాడని దేశమంతా గుళ్లముందు బారులు తీరింది. రాత్రి మావయ్య చెంచాతో పాలు, మా రుబ్బురోలు పొత్రం ముందేసుకుని తలతన్యత పాఠం చెప్పాడు. పొత్రం కూడా తాగింది. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది నేనే. మధ్యాహ్నం గుళ్లో చెంచా పట్టుకుని క్యూలో నిలబడ్డ సంగతి ఇన్నాళ్లూ దాచాను.

ఆమధ్య ఆయనకి గుండె ఆపరేషన్ అయింది. ఆస్పత్రి వరండాలో నాలుగు గంటలు కూర్చున్నాను. మూడో గంటకి వెంకన్నకి తల మొక్కేశాను. నాస్తికుడి కోసం మొక్కితే చెల్లుతుందా అని అడుగుదామంటే, తెలిసినవాడు ఒక్కడే, ఆయన లోపల మత్తులో ఉన్నాడు.

ఇంటికొచ్చాక చూడ్డానికి వెళ్లాను. నా గుండుకేసి చూసి "ఏమిట్రా ఇది?" అన్నాడు.

"ఎండలు మావయ్యా, తట్టుకోలేక..."

గోడమీది క్యాలెండర్ కేసి చూశాడు. డిసెంబరు. ఎందుకో ఈసారి రైలు చార్జీలు లెక్కగట్టలేదు. "ఆ సంచీ ఇలా తే" అన్నాడు. షుగరున్న మనిషి, లడ్డూ సగం పైనే తిన్నాడు. మా అత్తయ్యకి మాత్రం చెప్పకండి.