మీనాలు లెక్కించే బాబాయ్

సత్తుపల్లిలో ఆదివారం పొద్దున చేపల కొట్టు ముందు జనం కదలడం లేదంటే, ముందు బాబాయ్ నిలబడ్డట్టే. ఇలాంటి బాబాయ్ ప్రతి ఊళ్లోనూ ఉంటాడు. మావాడు సింగరేణిలో చేసి రిటైరయ్యాడు. కొనేది అరకిలో, ఆరా తీసేది ఏడు తరాలు.

"ఇది చందువా కాదే!"

"చందువానే బాబాయ్. పొద్దున్నే దిగింది."

అంతే, చేప నోరు తెరిచి చూపిస్తాడు. లోపల అచ్చం మనిషి పళ్లు. "చందువాకు ఈ దంతాలెక్కడివమ్మా? ఇది రూప్‌చంద్. అమెజాన్ వైపు పుట్టింది, మన చెరువుల్లో పెరిగింది." వెన్ను రెక్కకూ తోకకూ మధ్యనున్న చిన్న కండ రెక్కను గిల్లి, వెనకాల వరుసకు కూడా చూపిస్తాడు. వంజరం దగ్గర ఇంకో పేచీ: అడ్డచారలుంటే ఒక జాతి, చుక్కలుంటే వేరే జాతి, రెండిటికీ ఒకే ధర ఎలా కడతావని. బేతుపల్లి చెరువు చేపల జోలికి మాత్రం పోడు. తలకాయ చూసి చంటిపిల్లలైనా బొచ్చె అనేస్తారు, దానికి తనెందుకని.

ఒకనాడు విశాఖ ఐసుపెట్టెలో స్నాపర్లు వచ్చాయి. ఒంటి మీద నల్లమచ్చ. అలాంటి మచ్చతోనే దాని దాయాదులు ఇంకా ఉన్నాయి. పసుపు చారలెన్ని, మచ్చ పక్కగీతకు పైనా కిందా అని బాబాయ్ కళ్లద్దాలు తుడుచుకున్నాడు. ఇక్కడ ఆయన్ని చూసి నవ్వకూడదు. విశాఖ తీరంలో చేపలు గీయించి, తెలుగు పేర్లతో సహా 1803లో 200 చేపల పుస్తకం అచ్చేసిన ప్యాట్రిక్ రస్సెల్ పేరే 1849లో ఒక మచ్చల స్నాపర్‌కు పెట్టారు. హిందూ మహాసముద్రంలోది అది కాదు, వేరే జాతి అని తేల్చి 'లుట్జానస్ ఇండికస్' అన్నది 2013లో. పండితులకే 164 ఏళ్లు పట్టింది, బాబాయ్‌కి గంట పట్టదా?

"తీసుకుంటావా, తప్పుకుంటావా బాబాయ్?" అంది కొట్టావిడ. పులుసుకు చింతపండు నానిపోయిందని పిన్ని ఫోన్. చివరికి కొన్నది రొయ్యలు.

ఆదివారం చేపలు కావాలంటే ఏడింటికల్లా వెళ్లండి. బాబాయ్ ఏడున్నరకు వస్తాడు.