నాని అంటే అమ్మమ్మా, మీసాలాయనా?

పాశమైలారంలో ఓ షెడ్డు. బీహార్ నుంచి నిన్నగాక మొన్న దిగిన కుర్రాడికి మేస్త్రీ పని చెప్పాడు: "స్టోర్ల నాని ఉంటడు, పోయి గ్లౌజులు తెచ్చుకో." కుర్రాడికి అందులో తెలిసిన మాట ఒక్కటే, నాని. వాళ్ల ఊళ్లో నాని అంటే అమ్మమ్మ. వెళ్లి చూస్తే బల్ల వెనక గుబురు మీసాలాయన. "నానీజీ కహా హై?" అని చేతులు కట్టుకుని ఆయన్నే అడిగాడు పాపం. ఆ పూటంతా షెడ్డు షెడ్డే నవ్వింది.

కుర్రాడి తప్పేముంది? మన సంగారెడ్డిలో ఉర్దూ మాట్లాడే ఇళ్లలోనూ నాని అంటే అమ్మమ్మే. ఆ లెక్కన 2019లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గంలో ముగ్గురు అమ్మమ్మలు ప్రమాణం చేశారు: కొడాలి నాని, పేర్ని నాని, ఆళ్ల నాని. ఒకరికి రేషన్ బియ్యం, ఒకరికి బస్సులు, ఒకరికి ఆస్పత్రులు. అమ్మమ్మలు చూసుకునే పనులే! మహిళలకు పెద్దపీట వేశారని ఎవరూ పండగ చేసుకోలేదు, నయం.

డాలీ అంటే ఆడపిల్లేనని మనకు గట్టి నమ్మకం. 2024లో బిల్ గేట్స్‌కు చాయ్ పోసిన నాగపూర్ డాలీ మగవాడు. కూతురికి నికితా అని పేరు పెట్టి మురిసేవాళ్లకు సోవియట్ యూనియన్‌ను ఏలిన నికితా క్రుశ్చేవ్ గుర్తుకు రాడు. రష్యాలో అలెగ్జాండర్‌నూ సాషా అంటారు, అలెగ్జాండ్రానూ సాషా అంటారు. ఒబామా ఇంట్లో సాషా చిన్న కూతురు.

ఇస్నాపూర్ చౌరస్తాలో చాయ్ తాగే బెంగాలీ కార్మికుడికి ఈ తంటా లేదు. వాళ్ల భాషలో క్రియకు ఆడా మగా తేడాయే ఉండదు. ఇక్కడికొచ్చి "సార్ వచ్చింది" అంటాడు. మనం పొట్ట పట్టుకుని నవ్వుతాం. మన భాష ఏం చేస్తోందో మాత్రం చూసుకోం. ఆడమనిషీ వచ్చింది, బర్రే వచ్చింది, లారీ వచ్చింది. మగాడొక్కడే వచ్చిండు. చిన్నయసూరి వ్యాకరణంలో మగాడు మహత్తు, గొడ్డూ గోదా అమహత్తు. ఏకవచనంలో ఆడమనిషికి దక్కే క్రియ ఆ గొడ్డూ గోదాదే. బుజ్జి వచ్చిండంటే మొగోడు. బుజ్జి వచ్చిందంటే ఆడపిల్ల కావచ్చు, 'కల్కి 2898 ఏడీ'లో ప్రభాస్ నడిపిన కారూ కావచ్చు. ఆ కారు పేరూ బుజ్జే, గొంతు కీర్తి సురేశ్‌ది.

మళ్లీ షెడ్డులోకి రండి. తొంభై కిలోల ఆపరేటర్‌ను చిన్నా అంటారు, లోడింగ్ చేసే పహిల్వాన్‌ను పండు అంటారు. వాళ్ల మగతనానికి వీసమెత్తు నష్టం లేదు. పైగా టైగర్, బుల్లెట్ అని బిరుదులు వేరే. ప్యాకింగ్‌లో పదిమంది ఆడవాళ్లుంటే పదిమందినీ "ఓ అమ్మా", తొందరగా ఉంటే "ఏయ్ లేడీసూ". ముద్దుపేరు పెట్టేంత తీరిక వాళ్లకోసం ఎవరికీ లేదు. ఒక్కరికి మాత్రం పెట్టారు. ఓవర్‌టైం డబ్బులు ఎందుకు తగ్గాయని గట్టిగా అడిగినామెకు. ఏమని? మగరాయుడు.

డబ్బు లెక్క అడిగితే మగాడి పేరు, బల్ల వెనక కూర్చున్న మగాడికి అమ్మమ్మ పేరు! ఎవరిని చూసి నవ్వాలో ఆ బీహార్ కుర్రాడికే ముందు తెలిసినట్టుంది.

మేస్త్రీ గారూ, ఆమె అసలు పేరు మీ హాజరు రిజిస్టర్‌లోనే ఉంది. ఒకసారి తెరిచి చదవండి.