ఎడిటింగ్ గదిలో ఒక మౌస్ కథ

ఈ కథ ఒక మైక్రోసాఫ్ట్ అడాప్టివ్ మౌస్‌ది. అరచేతి మధ్యలో ఇమిడిపోయే చిన్న పలక, పైన రెండు మీటలు, వాటి నడుమ ఒక చక్రం. ఇంతవరకు చూస్తే మామూలు మౌస్ లాంటిదే. వెనక తోక అనే భాగాన్ని తగిలిస్తే మాత్రం అది అరచేతిని మోస్తుంది. బొటనవేలు ఆనడానికి విడిగా ఒక ఆధారం ఉంటుంది. దాన్ని కుడిచేతికైనా ఎడమచేతికైనా తిప్పి పెట్టుకోవచ్చు. మైక్రోసాఫ్ట్ దీన్ని 2022 మే నెలలో ప్రకటించి, ఆ ఏడాది చివర్లో అమ్మకానికి పెట్టింది. దీనికి తోబుట్టువులుగా ఒక హబ్, విడి బటన్లు వచ్చాయి.

మౌస్ వంశానికి మూలపురుషుడు 1964లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో తయారైన చెక్క డబ్బా. దాన్ని ఊహించినవాడు డగ్లస్ ఎంగెల్‌బర్ట్, చేసిపెట్టినవాడు బిల్ ఇంగ్లిష్. 1968 డిసెంబర్ 9న శాన్‌ఫ్రాన్సిస్కో సభలో అది లోకానికి కనబడింది. ఆ తర్వాత వచ్చిన మౌసుల్లో చాలావరకు చెప్పినమాట వినే వేళ్లున్న చేతినే దృష్టిలో పెట్టుకుని చేసినవి. ఈ మౌస్‌కు దగ్గరి బంధువు 2018లో వచ్చిన ఎక్స్‌బాక్స్ అడాప్టివ్ కంట్రోలర్. ఎవరికి అనువైన స్విచ్చులు వాళ్లు తెచ్చి తగిలించుకునే పద్ధతి అందులోనిదే. హైదరాబాద్‌లో పుట్టిన సత్య నాదెళ్ల మైక్రోసాఫ్ట్ సీఈఓగా ఉన్న కాలంలోనే ఈ రెండూ వచ్చాయి. సెరిబ్రల్ పాల్సీతో పుట్టిన కొడుకును పెంచడం తన ఆలోచనను ఎలా మార్చిందో ఆయన 2017 నాటి ‘హిట్ రిఫ్రెష్’లో రాశారు.

ఈ మౌస్ డాలస్ నుంచి ఒక బంధువు సూట్‌కేసులో హైదరాబాద్‌లోని ఫిల్మ్ నగర్ చేరింది. ఎవరికోసం వచ్చిందో ఆమె సినిమా ఎడిటర్. రోడ్డు ప్రమాదంలో ఆమె వెన్నుపాము మెడ దగ్గర దెబ్బతింది. అలాంటి దెబ్బ తగిలిన చోటునుబట్టి భుజం, మోచేయి, మణికట్టు కొంతవరకు పనిచేసి, వేళ్లు మాత్రం పట్టు కోల్పోవచ్చు. ఆమె పరిస్థితి అదే. సీన్ ఎక్కడ తెగాలో, నటుడి చూపు ఎంతసేపు నిలవాలో తేల్చే తీర్పు మాత్రం ఆమె దగ్గర చెక్కుచెదరలేదు. ఇరవైనాలుగు క్రాఫ్టుల్లో ఎడిటింగ్ అసలు బలం ఆ తీర్పే.

మామూలు మౌస్ నాలుగు పనులు ఒకేసారి అడుగుతుంది: పట్టుకోవాలి, జరపాలి, ఆపాలి, ఆపినచోట కదలకుండా నొక్కాలి. టైమ్‌లైన్ మీద క్లిప్ లాగేటప్పుడైతే నొక్కిపట్టుకునే జరపాలి. సినిమా సెకనుకు 24 ఫ్రేములు. డైరెక్టర్ వెనక కూర్చుని “ఇంకో రెండు ఫ్రేములు తియ్యమ్మా” అన్నాడంటే అతను అడిగేది సెకనులో పన్నెండో వంతు. నొక్కేటప్పుడు చెయ్యి వణికితే కట్ ఎటో పోతుంది. కాబట్టి అమరిక అంటే ఈ నాలుగు పనులనూ విడదీసి, శరీరంలో ఏ కదలికకు ఏది చేతనవునో దానికి అప్పగించడం.

మొదట సర్దవలసింది కుర్చీ, బల్ల. మోచేయి బల్లమీద పూర్తిగా ఆనాలి, భుజం పైకి లేవకూడదు. చక్రాల కుర్చీ చేతులు బల్లకు తగిలితే బల్ల ఎత్తే మార్చాలి. ఈ మెట్టు దాటేసి పరికరం మీద పడేవాళ్లు ఎక్కువ, తర్వాత భుజం నొప్పికి మౌస్‌ను తప్పుపడతారు. ఆ తర్వాత తోక. ఆమె వేళ్లతో పట్టుకోలేదు కనుక తోకమీద అరచేతిని ఉంచి, మెత్తటి వెల్‌క్రో పట్టీతో వదులుగా చుట్టారు. స్పర్శ తగ్గిన చేతికి పట్టీ ఒరుసుకున్నా తెలియదు, అందుకే విరామంలో చర్మాన్ని ఎవరైనా కళ్లతో చూడాలి. మైక్రోసాఫ్ట్ తోక సరిపోకపోతే వేరే ఆకారంలో త్రీడీ ప్రింట్ చేయించుకోవచ్చు. దుర్గం చెరువు వంతెన దాటితే రాయదుర్గంలో 2023లో ప్రారంభమైన టీ-వర్క్స్ ఇలాంటి నమూనాల తయారీకే పుట్టింది. కొలత కుదరడం చిన్న విషయం కాదు. 1985లో వచ్చిన ‘మయూరి’లో సుధా చంద్రన్ జైపూర్ కృత్రిమ పాదంతో నాట్యం చేయగలిగారంటే, దాని వెనక ఆమె సాధనతో పాటు ఒంటికి కుదిరిన పాదం కూడా ఉంది.

కంప్యూటర్‌తో జత కట్టించడం తేలిక. బ్లూటూత్ సెట్టింగ్‌లో కొత్త పరికరం చేర్చమని చెప్పి, మౌస్ మీది పెయిరింగ్ బటన్ నొక్కిపడితే చాలు. ఇక పాయింటర్ వేగం. భుజంతో జరిపేవాళ్ల కదలిక పెద్దది, కాబట్టి వేగం తగ్గించాలి. మణికట్టుతో కొద్దిగానే జరపగలిగేవాళ్లకు పెంచాలి. క్లిక్‌లాక్ ఆన్ చేస్తే ఒకసారి కాసేపు నొక్కి వదిలినా విండోస్ దాన్ని పట్టుకునే ఉన్నట్టు లెక్కిస్తుంది. క్లిప్ లాగడానికి అది పెద్ద ఊరట.

నొక్కే పని ఈ మౌస్ తన దగ్గర ఉంచుకోలేదు, హబ్‌కు ఇచ్చేసింది. ఒక హబ్‌కు వైర్ లేకుండా నాలుగు బటన్లు కలుస్తాయి, ఒక్కో బటన్‌కు ఎనిమిది ఆదేశాలు ఇవ్వవచ్చు. బటన్ పైభాగం జాయ్‌స్టిక్‌గానో, నాలుగు దిక్కుల డీ-ప్యాడ్‌గానో, జంట మీటగానో ఎంచుకోవచ్చు. 3.5 మిల్లీమీటర్ల పిన్ను ఉన్న పాత స్విచ్చులు కూడా హబ్‌కు పడతాయి. ఆమె ఎడమచేతి అంచు కింద జంట మీట పెట్టి ఎడమ, కుడి క్లిక్‌లు దానికిచ్చారు. జాయ్‌స్టిక్‌కు జె, కె, ఎల్ అక్షరాలు: వెనక్కు, ఆగు, ముందుకు. డీ-ప్యాడ్‌కు బాణం గుర్తులు: ప్రీమియర్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో పక్క బాణాలు ఒక్కో ఫ్రేము జరుపుతాయి, పైకీ కిందికీ ఉన్నవి కట్ నుంచి కట్‌కు దూకుతాయి. ఇవన్నీ విండోస్‌లో యాక్సెసరీ సెంటర్ అనే యాప్‌లోనే కుదుర్చుకోవాలి. ఇంత చేశాక టైమ్‌లైన్‌లో ఈ మౌస్‌కు మిగిలిన పని తక్కువే. ఖచ్చితత్వం కావలసిన చోట బటన్లు, చూపించడం చాలిన చోట మౌస్. ఆ రెండు ఫ్రేములు ఇప్పుడు రెండు తట్లలో పోతాయి.

వైర్ లేకపోవడం బలహీనమైన చేతికి మేలే, లాగే తీగ ఉండదు. కాకపోతే బ్లూటూత్, చాలా వైఫైలు ఒకే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాల్లో నడుస్తాయి. రౌటర్లు, హెడ్‌ఫోన్లు, ఫోన్లు కిక్కిరిసిన గదిలో పాయింటర్ అప్పుడప్పుడు తడబడుతుంది. హార్డ్‌డిస్క్‌ల లోహపు రాక్ వెనక కంప్యూటర్ పెట్టినప్పుడు ఇంకా ఎక్కువ. కంప్యూటర్‌ను ముందుకు జరపడం మొదటి ఉపాయం, హబ్‌ను యూఎస్‌బీ తీగతో కలిపి ఆ ఒక్క లంకెనైనా గాలిలోంచి తప్పించడం రెండోది.

అమరిక ఒక్కరోజుతో తెగే పని కాదు. ఉదయం బాగున్న వేగం, రిలీజు ముందు రాత్రి పనిలో అలసిన భుజానికి ఎక్కువవుతుంది. అందుకని ఆమె అసిస్టెంట్ రెండు వేగాల అంకెలూ కాగితం మీద రాసి మానిటర్‌కు అంటించాడు, చీకటిపడ్డాక రెండోది పెడతాడు. హబ్‌లో మూడు ప్రొఫైళ్లు ఉంటాయి కాబట్టి ఒకటి ఎడిటింగ్ మెషీన్‌కు, ఒకటి ఇంట్లో ల్యాప్‌టాప్‌కు కేటాయించారు. మూడోది రంగులు సరిచేసే డీఐ గదిలో కరెక్షన్లు చూసే కంప్యూటర్ కోసం ఉంచారు.