మారేడు సారు

వికారాబాద్‌లో గృహప్రవేశం పెట్టుకున్నవాళ్లకు రెండు బెంగలుంటాయి. వంటవాడు వస్తాడో రాడో అని ఒకటి, మారేడు సారు వస్తాడేమో అని ఇంకొకటి. వంటవాళ్లు ఎగ్గొట్టిన శుభకార్యాలున్నాయి గానీ, సారు ఎగ్గొట్టినది నేనెరగను. పిలుపు అందకపోయినా వస్తాడు. చేతిలో పాల ప్యాకెట్టు, ప్యాకెట్టులో ఎర్రమట్టి, మట్టిలో జానెడు మొక్క. స్టీలు డబ్బాలూ గోడ గడియారాలూ పెట్టిన బల్ల మీద దాన్ని నడిమధ్యన నిలబెట్టి, ఇంటాయన చెవిలో చెబుతాడు: "దుకాణంల కొన్నది కాదు. గింజ పెట్టి మొలిపించిన."

ఇలాంటి సారు ఊరికొకరు ఉంటారు. ఒకరు హోమియో మాత్రలు పంచుతారు, ఒకరు పొద్దున్నే పార్కులో పట్టుకుని గాలి ఎలా పీల్చాలో నేర్పుతారు. వాళ్లతో చిక్కు లేదు. మాత్ర జేబులో వేసుకుని మర్చిపోవచ్చు, గాలి మన ఇష్టప్రకారమే పీల్చుకోవచ్చు. మారేడు అలా కాదు. జామ మొక్క ఇచ్చి ఉంటే మూడో రోజు మేకకు వేసేవాళ్లం. ఇది శివుడి చెట్టాయె! వద్దనడానికి నోరు రాదు, పారేయడానికి చెయ్యి రాదు, ఒకసారి నాటితే కొట్టేయడానికి గుండె రాదు. సారుకు ఈ సంగతి బాగా తెలుసు.

ఎండాకాలం మొదలయ్యాక ఆయన్ని చూడాలి. మారేడుకు పూత వచ్చాక కాయ పండడానికి దాదాపు ఏడాది పడుతుంది, అంతవరకూ ఓపిక పట్టినవాడు పండ్లు రాలే రోజుల్లో మాత్రం ఇంట్లో నిలవడు. అనంతగిరి అడవిలో ఏరుకొస్తాడు. అనంత పద్మనాభస్వామి కొండ మీద శివుడి కాయలు ఏరడమేమిటని ఎవరో అడిగితే, "స్వాములకు లేని పట్టింపు నీకెందుకు" అన్నాడట. వరండాలో తాండూరు బండ మీద కాయను దబదబా బాదుతాడు. అంత తేలిగ్గా పగిలే పెంకు కాదది. పగిలాక పసుపుపచ్చని గుజ్జు, ఘుమాయించే వాసన. గుజ్జు మనవలకు, శర్బత్ వచ్చినవాళ్లకు. ఆయనకు కావలసింది మధ్యలో, అరల్లో, బంకలో కూరుకుపోయిన గింజలు. ఆ బంక మామూలుది కాదు, వెనకటికి దాన్ని ఇళ్లలో జిగురుగా వాడుకునేవాళ్లు. చేతికి అంటితే అంత త్వరగా వదలదు. చదునుగా నూగుతో ఉండే ఆ గింజల్ని బూడిదలో రుద్ది, కడిగి, నీడన ఆరబెట్టి, వెంటనే నాటేస్తాడు. నిలవ ఉంచినకొద్దీ మొలిచేవి తగ్గిపోతాయి.

"పాలు అయిపోతే ప్యాకెట్ తెచ్చుకునేటోళ్లను చూసినం," అంటుంది వాళ్ల మేడం, "మా ఇంట్ల ప్యాకెట్లు అయిపోతే పాలు తెస్తరు."

రెండు మూడు వారాలకు మొలక వస్తుంది. అప్పుడు మొదలవుతుంది ఆయన మనోవేదన. మారేడు మొలకకు తొలుత వచ్చేవి చాలావరకు ఒంటి ఆకులు. మూడాకుల దళం రావడానికి ఇంకొన్నాళ్లు ఆగాలి. ఈలోగా పాలవాడో పేపరువాడో తొంగిచూసి "నిమ్మ చెట్టా సారూ?" అంటాడు. ఆ పూట సారు అన్నం సరిగ్గా తినడు. వాడు అన్నదాంట్లో పెద్ద తప్పు లేదు. మారేడు, వెలగ, నిమ్మ ఒకే కుటుంబంవి. ఈ చుట్టరికం సారు ఒప్పుకోకపోయినా సీతాకోకచిలుకలకు తెలుసు. నిమ్మ మీద గుడ్లు పెట్టేదే వచ్చి మారేడు మీదా పెడుతుంది. పుట్టిన పురుగు మొదట్లో అచ్చం పిట్టరెట్టలా ఉంటుంది కాబట్టి ఎవరూ ముట్టుకోరు. పెరిగాక ఆకుపచ్చగా మారుతుంది. పుల్లతో పొడిస్తే తల వెనకనుంచి ఎర్రటి కొమ్ములు రెండు బయటికి తీసి కంపు కొడుతుంది. సారు మందు కొట్టడు. చంపితే పాపమని ఒక్కొక్కదాన్నే ఏరి, ప్రహరీ మీదుగా పక్కింటి నిమ్మచెట్టుకు చేరుస్తాడు. పక్కింటివాళ్లు తమ చెట్టుకు తెగులు ఎక్కడిదని ఇప్పటికీ ఆలోచిస్తూనే ఉన్నారు.

మొక్క చేతులు మారాక ఆడపిల్లనిచ్చిన తండ్రి వరస. మంచీ చెడూ చూసిపోతానంటూ చెప్పకుండా వస్తాడు. బడి నుంచి తెచ్చుకున్న పాత హాజరు పట్టీ ఒకటి ఉంది. అందులో తీసుకున్నవాళ్ల పేర్లు, మొక్క బతికితే 'పి', ఎండితే 'ఏ'. వినాయక చవితి ఇరవయ్యొక్క పత్రిలో బిల్వానిది మూడో స్థానం. ముందు రోజు సాయంత్రం వీధి వీధంతా ఆయన గేటు దగ్గరే ఉంటుంది. పట్టీ తిరగేయకుండా ఒక్క దళం ఇవ్వడు. 'ఏ' ఉన్నవాళ్లకు ఆకుతోపాటు కొత్త మొక్క కూడా అంటగడతాడు. దానితో పోలిస్తే వట్టి చేతులతో పొమ్మనడమే దయ.

మహాశివరాత్రి దాటిందంటే ఫోన్లు మొదలు. "సారూ, మీ చెట్టు సచ్చిపోయింది." చావలేదు, ఎండల ముందు ఆకు రాల్చింది, అంతే. "గోటితోని బెరడు గీకి చూడు, లోపల పచ్చగున్నదా?" అంటాడు. అటువైపు గీకిన చప్పుడు, తర్వాత "అబ్బా!" అనే కేక. మారేడు ముళ్ల గురించి సారు ముందుగా చెప్పడు.

అన్న కొడుకు ఒకసారి అంటు మొక్క తెచ్చాడు, ఉత్తరప్రదేశ్‌లో తయారైన నరేంద్ర రకం. నాలుగైదేళ్లకే కాపు, కాయ ఎలా ఉంటుందో ముందే తెలుసు. గింజ మొక్క కాయాలంటే అంతకు రెట్టింపు కాలం, ఆపైన తల్లి చెట్టు రుచే వస్తుందన్న హామీ లేదు. కాయ కోసమైతే నా ఓటు అంటుకే. సారుకు మాత్రం అంటు కట్టడమంటే మసిపూసి మారేడుకాయ చేయడమే, అదీ మారేడుకాయనే. "తండ్రెవరో తెలుసు, సరే. ఎదురుచూసుడేది?" అన్నాడు. ఎనిమిదేళ్లో పదేళ్లో ఆగాలనే మాట, ఇదివరకే షష్టిపూర్తి చేసుకున్న మనిషి అంత హుషారుగా చెబితే ఎదురు వాదించడం కష్టం.

వికారాబాద్ ఎర్రనేలలో చోటు అయిపోయాక ఆయన చూపు రైలు పట్టాల వెంబడి తాండూరు మీద పడింది. అక్కడ పాత శిష్యులు బండల వ్యాపారంలో ఉన్నారు. తాండూరులో నల్లమట్టి, దాని కింద నాపరాయి. ఈ నేలలో ఏం వస్తుంది సారూ అంటే ఆయన దగ్గర జవాబు సిద్ధం: తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది కదా, కందిని అంత గొప్ప చేసిన నేల మారేడును కాదంటదా? సున్నపు నేలలకు మారేడు ఓర్చుకుంటుందన్నది నిజమే కాబట్టి శిష్యుడు తలవంచి ప్యాకెట్టు అందుకున్నాడు.

వానలు పడ్డాక సారు తనిఖీకి వెళ్లాడు.

"పెట్టినవా?"

"మీరన్నట్లే మూడు ఫీట్లు తవ్విన సారూ. బండ తగిలింది."

"తగిలితే?"

"బండ మంచిగున్నది. ఇంకింత తవ్విన."

"మరి చెట్టు?"

"పెడుదమనుకునేసరికి గుంత ఇరవై ఫీట్లయింది సారూ. రెండు లారీల బండ పోయింది."

సారు అంచుదాకా వెళ్లి కిందికి తొంగిచూశాడు. అద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు. సంచిలో చెయ్యి పెట్టి రెండు ప్యాకెట్లు తీశాడు.

"మంచిదే. అడుగుకు చల్లగుంటది. నిచ్చెన ఉన్నదా?"