802 మీటర్ల ప్రౌడ్ మూమెంట్

మా అమ్మ దగ్గర ‘గర్వం’ అనే మాట ఎత్తడానికి వీల్లేదు. ఎనిమిదో తరగతిలో హిందీ ఉపన్యాసానికి కప్పు వస్తే, బడిలో మాట్లాడిన ఊపులోనే ఇంటికొచ్చి ‘‘అమ్మా, నాకు గర్వంగా ఉంది’’ అన్నాను. వంకాయలు తరుగుతున్న చెయ్యి ఆగిపోయింది. ‘‘గర్వమేట్రా? రావణాసురుడు సాలలేదేటి?’’ అంది.

తప్పు నాది కాదు, రెండు భాషలది. మా బిలాస్‌పూర్ హిందీలో గర్వ్ అంటే ఛాతీకి తగిలించుకునే పతకం. చెడ్డదానికి ఘమండ్ అని వేరే మాట ఉంది. తెలుగులో మాత్రం ఆ పతకమే తలకెక్కుతుంది, కళ్ళు నెత్తికి తెస్తుంది, చివరికి భంగమవుతుంది. పేపర్లలో ‘గర్వకారణం’ ఉందనుకోండి, అది ఉపగ్రహాలకీ ఒలింపిక్స్‌కీ. బస్సులో కిటికీ సీటు దొరికితే వాడలేం. మురిపెం సరిగ్గా సరిపోతుంది గానీ, యాభై దాటిన మీసాల మనిషి మురిసిపోతుంటే చూడ్డానికి బాగోదు.

అందుకని ‘ప్రౌడ్ మూమెంట్’ పట్టుకున్నాను. మా ఊరి దగ్గర మస్తూరీలో లెక్కల మాస్టర్ని. భిన్నాలు తప్పుల్లేకుండా కూడిన పిల్లాడు కనిపిస్తే ప్రౌడ్ మూమెంట్. బస్సు కండక్టరు ‘‘మాస్టర్‌జీ’’ అని సీటు చూపిస్తే ప్రౌడ్ మూమెంట్. తర్వాతి స్టాపులో ఓ ముసలమ్మ ఎక్కుతుంది, మూమెంట్ అయిపోతుంది. దీనిలో సుఖమే అది. దిష్టి తగిలేంత సేపుండదు. పైగా అమ్మకి అర్థం కాదు.

మొన్న ఖరగ్‌పూర్ నుంచి మా మేనత్త కొడుకు, బావ, వచ్చాడు. వాళ్ళ తాతా మా తాతా బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేలో పని కోసం శ్రీకాకుళం వైపు నుంచి బయల్దేరినవాళ్ళే. ఒకరు అక్కడ దిగిపోయారు, ఒకరు ఇక్కడ. తిరుగు ప్రయాణం రోజు స్టేషన్లో ఉండబట్టలేక అన్నాను: ‘‘బావా, మా ప్లాట్‌ఫారం 802 మీటర్లు. 2003లో రైల్వే జోన్ ఆఫీసు ఊరికే ఇచ్చారా మాకు? ప్రౌడ్ మూమెంట్!’’

‘‘మాది 1072. ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పొడుగు’’ అన్నాడు బావ, వేరుశనక్కాయ వలుస్తూ.

నా మూమెంట్ టీ కొట్టు దాకా కూడా రాలేదు. ఊరుకుంటానా? ‘‘2013లో గోరఖ్‌పూర్ 1366 కట్టి మిమ్మల్ని దాటేసిందిగా!’’ అన్నాను. గోరఖ్‌పూర్‌లో నాకు చుట్టాలెవరూ లేరు. అయినా ఆ క్షణంలో అది మా ఊరే. బావ మొహం చూస్తూ రెండో ప్రౌడ్ మూమెంట్‌లో ఉండగా, సంచీ మీద కూర్చున్న కుర్రాడొకడు ఫోన్లోంచి తలెత్తకుండా శుభ్రమైన తెలుగులో, ‘‘హుబ్బళ్ళి, 1507. 2023 నుంచి, అంకుల్’’ అన్నాడు.

బావా నేనూ కాసేపు వేరుశనక్కాయలు తిన్నాం.

సాగనంపడానికి వచ్చిన అమ్మ అంతా వింటూనే ఉంది. ‘‘ఎంత పొడుగైతే ఏటి నానా, మన పెట్టి ఎప్పుడూ ఆ సివరే కదా ఆగుతాది’’ అంది.

రైలొచ్చింది. బావ బోగీ ఇంజిన్ పక్కన ఆగింది. ఆవకాయ జాడీ ఎత్తుకుని పరిగెత్తింది నేను. మీరెప్పుడైనా మా ఊరొస్తే, బోగీ ఎక్కడ ఆగుతుందో ముందే కనుక్కుని నిలబడండి.