కాయ కొట్టి చూడని సేద్యం

జూన్‌లో మా కదిరిలో శెనక్కాయ విత్తనం కొనే రైతును చూడాలి. మూటలోకి మోచేతిదాకా చెయ్యి దూర్చి అడుగునుంచి పిడికెడు తీస్తాడు. కాయను చెవి దగ్గర ఊపుతాడు, ఒలుస్తాడు, గింజ కొరుకుతాడు. ఇంటికి తెచ్చాక కూడా నమ్మకం చాలక గుప్పెడు గింజలు తడిగుడ్డలో మూటగట్టి మొలక చూస్తాడు. కదిరి-6, కదిరి లేపాక్షి పుట్టిన పరిశోధనా కేంద్రం ఊళ్లోనే ఉంది. అయినా సరే, కొరకందే జేబులో చెయ్యి పెట్టడు.

అలాంటి రైతే ఒకాయన, పొలం బ్యాంకులో పెట్టి కొడుకు కోసం ముప్పై లక్షలు తెచ్చాడు. ఏ యూనివర్సిటీ అన్నా, అని అడిగాను.

"డల్లాస్ పక్కన."

"పేరు?"

"మా చిన్నమ్మ మనవడు ఉండే ఊరికి గంట దూరమంట."

"ఏం చదువుతాడు?"

"ఎమ్మెస్."

"ఎమ్మెస్‌లో ఏం?"

"ఎమ్మెస్సేలేప్పా!" అని, చదువుకున్నవాడివి నీకీమాత్రం తెలీదా అన్నట్టు చూశాడు.

ఆయన్ననడానికి లేదు. కన్సల్టెన్సీలో చెప్పే గుణగణాలు అట్లుంటాయి: జీఆర్ఈ అక్కర్లేదు, ఫీజు తక్కువ, చేరిన రోజునుంచే సీపీటీ, అంటే అడుగుపెట్టిన నాడే ఉద్యోగం. క్లాసులా? ఎప్పుడో ఒక శనివారం. ఇన్ని సుగుణాలున్న బడికి చదువనే అవలక్షణం ఒక్కటి తగిలించడం అన్యాయం. ఇక వీసా కోసం చిలుకూరు బాలాజీ చుట్టూ 11 ప్రదక్షిణలు, వచ్చాక 108. యూనివర్సిటీ వెబ్‌సైటు చుట్టూ మాత్రం ఒక్కటీ తిరగరు.

ట్రై-వ్యాలీ మరిచిపోయినట్టున్నాం. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ఆ యూనివర్సిటీ మీద అధికారులు పడ్డారు. పిల్లల్లో నూటికి తొంభైమందికి పైగా మన దేశంవాళ్లు, అందులో తెలుగువాళ్లు బోలెడు. రికార్డుల ప్రకారం సగానికి పైగా విద్యార్థులు సన్నీవేల్‌లోని ఒకే అపార్టుమెంటులో కాపురముంటున్నారు. మన తిమ్మమ్మ మర్రిమాను కిందైతే పట్టేవాళ్లేమో, ఐదెకరాల నీడ కాబట్టి. కొందరు పిల్లల కాళ్లకు రేడియో ట్యాగులు కట్టారు. యజమానురాలికి 2014లో పదహారేళ్లకు పైగా జైలు పడింది.

సరే, దొంగ దొరికింది, బుద్ధి వచ్చింది అనుకుంటే, 2019లో ఫార్మింగ్టన్. మిషిగన్‌లోని ఈ బడిలో పంతుల్లేడు, క్లాసు లేదు, పాఠ్యాంశం లేదు. పెట్టింది సాక్షాత్తూ అమెరికా హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖే, దొంగ చేరికలను పట్టుకోడానికి! వల వేసినవాళ్లే ఫీజు వసూలు చేసుకున్నారు. ఆ సిగ్గు వాళ్లకే వదిలేద్దాం. కమిషన్ తీసుకుని పిల్లల్ని చేర్పించిన ఎనిమిదిమంది దళారుల మీదా కేసులు పెట్టారు. వాళ్లలో ఎక్కువమంది మన తెలుగువాళ్లే. పరాయిదేశంలో తెలుగువాడికి తోడు తెలుగువాడే అంటే ఇదే కాబోలు.

బీటెక్ కాలేజీలూ తక్కువ తినలేదు. బస్సు వెనకాల "విదేశీ యూనివర్సిటీతో ఒప్పందం, ఒక సెమిస్టరు అక్కడే" అని రాయిస్తారు. ఇక్కడ చదివిన సబ్జెక్టుల మార్కులు అక్కడ లెక్కకొస్తాయా, అక్కడివి ఇక్కడికి వస్తాయా అని ఒక్క తండ్రైనా అడగ్గా నేను వినలేదు. హాస్టల్లో అన్నం పెడతారా అని మాత్రం అందరూ అడుగుతారు.

అన్నా, ఈసారి కన్సల్టెన్సీకి పోయినప్పుడు డబ్బు తీసే ముందు ఒక్కటే అడుగు. ఆ బడిలో మీవాడికి పాఠం చెప్పబోయే అయ్యవారు ఒక్కరి పేరు చెప్పమను. చెప్పలేకపోతే పొలం కాగితాలు చంకలో పెట్టుకుని ఇంటికి రా.